మీకు తెలుసా? ఊపిరితిత్తుల గాయం – రక్తంలో ఆనవాళ్లు

ఏఆర్‌డీఎస్‌ అనే తీవ్ర ఊపిరితిత్తుల గాయాన్ని 1967లో 12 మంది రోగుల్లో చూసి లాన్సెట్‌ పత్రికలో తొలిసారి వర్ణించారు. నేటికీ దాన్ని తేల్చేది ఛాతీ చిత్రాలు, ఆక్సిజన్‌ కొలతలే. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడ చెడితే ఆర్‌ఏజీఈ, సర్ఫాక్టెంట్‌ ప్రొటీన్‌-డి, రక్తనాళాల లోపొర చెడితే యాంజియోపొయెటిన్‌-2 అనే ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయి. వాపును సూచించే ఐఎల్‌-6 ప్రొటీన్‌ మాత్రం ఊపిరితిత్తులు బాగున్న సెప్సిస్‌ (ఇన్ఫెక్షన్‌ వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి)లోనూ పెరుగుతుంది; అదొక్కటే చూసి ఈ గాయాన్ని తేల్చలేం, చిక్కంతా అక్కడే. కొవిడ్‌ కాలంలో హైదరాబాద్‌ అంతటా ఇళ్లలో వినిపించిన డి-డైమర్‌, ఫెరిటిన్‌ పరీక్షలూ జబ్బు తీవ్రతను అంచనా వేసేవే, ఈ గాయాన్ని నిర్ధారించేవి కావు. అయితే రక్తంలో ఐఎల్‌-6, వాపుకు మరో ఆనవాలైన టీఎన్‌ఎఫ్‌ రిసెప్టర్‌-1, బైకార్బొనేట్‌ కలిపి చూస్తే ఏఆర్‌డీఎస్‌ రోగులు రెండు రకాలుగా విడిపోతారు. వాపు ఉద్ధృతంగా ఉన్న రకంలో మరణాలు ఎక్కువ.