పిట్టకథల స్వేచ్ఛ, అసలు కథ బరువు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు కంప్యూటర్ ఆట అంటే తుపాకుల చప్పుడే. కానీ వాటిలో రోల్ ప్లేయింగ్ ఆటలని ఒక వర్గం వేరే ఉంది. ఆడేవాడు ఒక పాత్ర వేషం కట్టి, ఆ పాత్రగా నిర్ణయాలు తీసుకుంటూ పోవాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. కంప్యూటర్ మీదికి వచ్చిన ఈ వర్గానికి మూలం అదే.

ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి లోకం తలుపులన్నీ తెరిచి ‘ఎటైనా పో’ అంటుంది. రెండోది కథ వెంట చేయి పట్టి నడిపిస్తుంది. ఏది గొప్ప అన్న తగవు మా ఇంటికీ వచ్చింది. ఇక్కడ బరంపురంలో బీకాం ఆఖరు సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, ఆటల రూపకల్పన కోర్సులో చేరతానన్నాడు. ఫీజు చిన్నది కాదు. ఏళ్ళ తరబడి బ్యాంకులో అప్పు దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి, సరుకు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. “ఏదీ, ఆడి చూపించరా” అన్నాను. దసరా నుంచి సంక్రాంతి దాకా రాత్రి భోజనాలయ్యాక వాడి పక్కన కూర్చున్నాను.

ముందు చూపించింది 2011 నవంబరులో అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ విడుదల చేసిన ‘స్కైరిమ్’. మరణశిక్షకు బండిలో తీసుకుపోతున్న ఖైదీగా ఆట మొదలవుతుంది. గొడ్డలి పడబోయే వేళకు డ్రాగన్ వచ్చి ఊరు తగలబెడుతుంది. ప్రాణాలతో బయటపడ్డాక ఇక అడిగేవాడు లేడు. కొండలెక్కవచ్చు, మూలికలు ఏరి మందులు నూరవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, 5,000 బంగారు నాణేలిచ్చి వైట్‌రన్ పట్నంలో ఇల్లు కొనవచ్చు. దొంగతనం చేసి దొరికితే జైలు. నాకు బాగా నచ్చింది అక్కడి దుకాణదారు. గల్లాలో రొక్కం అయిపోతే మన సరుకుకు డబ్బివ్వలేడు, రెండు రోజులాగి రావాలి. ఈ ఏర్పాటు చేసినవాడెవడో గానీ లెక్కలు తెలిసినవాడు.

“మరి లోకాన్ని మింగేస్తానంటున్న ఆ ఆల్డుయిన్ డ్రాగన్ మాటేమిట్రా?”

“అది ఆగుతుంది నాన్నా.”

నిజంగానే ఆగింది. వాడు రాత్రుల తరబడి ఇనుము కరిగించి కత్తులు చేసి అమ్ముకున్నాడు. ప్రళయం వాయిదా పడుతూనే ఉంది. మన హరిదాసులూ పిట్టకథలు చెబుతారు. కానీ చిడతలు మళ్ళీ మోగేసరికి సీతమ్మ ఇంకా అశోకవనంలోనే ఉందని జనానికి గుర్తొస్తుంది. స్కైరిమ్‌లో ఆ చిడతల చప్పుడు చాలా సన్నగా వినిపిస్తుంది. మా వాడికి అదే ఇష్టం. “పొద్దున్న కాలేజీ, సాయంత్రం ట్యూషను. ఇక్కడైనా నన్ను ఎవరూ తొందరపెట్టరు” అన్నాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదు.

రెండోది ‘ది విచర్ 3’. 2015 మేలో పోలండ్ నుంచి వచ్చింది. ఆంద్రెజ్ సప్కోవ్‌స్కీ పుస్తకాల్లోని పాత్రలు. లోకం ఇక్కడా విశాలమే, కానీ కథ మనల్ని వదలదు. కూలికి రాక్షసులను వేటాడే గెరాల్ట్, కూతురిలా చూసుకున్న సిరి కోసం వెతుకుతుంటాడు. ఆమె జాడ ఒక బారన్‌కు తెలుసు. తప్పిపోయిన తన భార్యనూ కూతురినీ వెతికిపెడితే చెబుతానంటాడు. ఆరా తీస్తే, అతను తాగి కొట్టడం వల్లే వాళ్ళు పారిపోయారని తేలుతుంది. దుర్మార్గుడని తీర్పు చెప్పేస్తాం. తరవాత, పుట్టకుండానే పోయిన బిడ్డకు పేరు పెట్టి గడప దగ్గర పూడ్చుతుంటే అతని ముఖం చూడలేం.

అక్కడే ఒక చెట్టు కింద బందీ అయిన ఆత్మ ఎదురవుతుంది. విడిపిస్తే కొందరు అనాథ పిల్లలు బతుకుతారు, ఒక ఊరు నాశనమవుతుంది. చంపితే పిల్లలు దక్కరు. ఇదంతా ముందుగా ఎవరూ చెప్పరు. మా వాడు విడిపించాడు. కొన్ని రాత్రుల తరవాత బారన్ భార్య చనిపోయింది, బారన్ ఉరి వేసుకున్నాడు. పడుకోమని పిలవడానికి వచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది. “వెనక్కి వెళ్ళి మార్చరా” అంది. “అంత వెనక దాచిన ఆట లేదమ్మా” అన్నాడు వాడు.

నా ఓటు దీనికే. స్కైరిమ్‌లో నూరు దారులున్నా, ఏ దారిన పోయినా పెద్దగా పోయేదేమీ కనబడలేదు. అలాగని కథే సర్వం అనుకుంటే ఇంకో చిక్కు. 1997లో జపాన్ నుంచి వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఏరిత్ అనే అమ్మాయిని చంపేస్తారు, ఆడేవాడు ఏం చేసినా ఆపలేడు. ఆ దుఃఖం గొప్పదే, కానీ మనం ప్రేక్షకులం. అదే వరసలో 2009లో వచ్చిన 13వ ఆట, చాలాసేపు ఒకే నడవలో నడిపిస్తోందని విమర్శలపాలైంది. 2023లో బెల్జియం వాళ్ళు తెచ్చిన ‘బల్దూర్స్ గేట్ 3’ మళ్ళీ పాచికలు వేయించి, రెంటినీ కలిపింది. మా వాడూ నేనూ ఒప్పుకున్నది దాని దగ్గరే.

కోర్సు ఫారం ఇంకా నా సొరుగులోనే ఉంది. పది పేజీల ఆట కథ తెలుగులో రాసి చూపించమన్నాను. తెలుగు అక్షరాలు వాళ్ళ అమ్మమ్మ దగ్గర దిద్దినవే, బడిలో నేర్చినవి కావు. మూడు పేజీలయ్యాయి. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో, మొక్కు కోసం వేషం కట్టిన పిల్లవాడొకడు జనంలో తప్పిపోతాడు. వేషం తీసేస్తే ఇంటివాళ్ళు గుర్తుపడతారు, మొక్కు చెడుతుంది. ఆ ఘట్టం దగ్గర ఆగి, రాత్రి నన్నడిగాడు, “నాన్నా, నువ్వయితే ఏం చేస్తావు?” నేనింకా చెప్పలేదు. ఫీజు గడువు నెలాఖరు.