కడుపులో చల్ల కదిలించే చక్రం

కోరుట్ల నుంచి దుబాయి పోయి పనిచేసుకునే మనిషి ఒక సెలవు నాడు బ్లూవాటర్స్ దీవికి వెళ్లి ఐన్ దుబాయి ఎక్కాడనుకుందాం. ఎత్తు 250 మీటర్లు. ప్రపంచంలో దాన్ని మించిన జెయింట్ వీలు లేదు. అద్దాల గదిలో కూర్చుంటే ఒక్క చుట్టు పూర్తి కావడానికి 38 నిమిషాలు పడుతుంది. సముద్రం కనిపిస్తుంది, మేడలు కనిపిస్తాయి, కడుపులో చల్ల మాత్రం కదలదు. అదే మనిషి శివరాత్రికి ఇంటికొచ్చి, వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని, కోడె మొక్కు తీర్చుకుని, పిల్లల పోరు పడలేక జాతరలో అరవై అడుగుల వీలు ఎక్కితే? మొదటి చుట్టులో పైనుంచి కిందికి వాలే సరికే కడ్డీ గట్టిగా పట్టుకుని రాజన్నను తలుచుకుంటాడు.

చిన్న చక్రానికి ఇంత బలం ఎక్కడిదంటే వేగంలోనే ఉంది. గుండ్రంగా తిరిగే వస్తువును కేంద్రం వైపు లాగుతూ ఉండే బలం ఒకటి కావాలి. చక్రం పైభాగంలో ఉన్నప్పుడు ఆ పని భూమ్యాకర్షణే చేస్తుంది. అందులో కొంత అలా ఖర్చయిపోగా మిగిలిందే కూర్చున్న పలక మీద మన బరువుగా తెలుస్తుంది. అరవై అడుగుల వీలు పది సెకన్లకు ఒక చుట్టు తిరిగితే, 60 కిలోల మనిషి పైన సుమారు 38 కిలోలు తూగుతాడు, కింద 82 తూగుతాడు. పది సెకన్లలో బరువు సగానికి పైగా మారిపోతుంటే కడుపు ఊరుకుంటుందా? ఇదే లెక్క ఐన్ దుబాయికి కడితే వచ్చే తేడా ఆరు గ్రాములు. ఎత్తు భయపెడుతుందేమో గానీ కడుపును కదిలించేది వేగమే.

దుబాయి చక్రానికి ఇంకో కథ కూడా ఉంది. 2021 అక్టోబరులో తెరిచారు, 2022 మార్చిలో మూశారు, మళ్లీ 2024 డిసెంబరులో గానీ తిరగలేదు. మెరుగుపరిచే పనులన్నారు. అంతకు మించి వివరం రాకపోయేసరికి పుకార్లు బయల్దేరాయి. వినోద యంత్రాలన్నిటికీ ఈ గుణం ఉంది: లోపల ఏముందో కనిపించని చోటల్లా ఒక కథ పుడుతుంది.

అమెరికాలోని పిల్లల దగ్గరికి పోయి డిస్నీ పార్కు చూసి వచ్చిన జగిత్యాల పెద్దలు మనకు తక్కువేం లేరు. వాళ్లలో ఫ్లోరిడా పార్కులోని హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల కొంప చూసినవాళ్లూ ఉంటారు. దాని బయటి నేలలో ఒకప్పుడు గుండ్రటి ఇనుప ముక్క ఒకటి మెరుస్తూ ఉండేది. అటక మీది పెళ్లికూతురు విసిరేసిన ఉంగరమని జనం చెప్పుకున్నారు. అసలు సంగతి, అక్కడున్న ఇనుప గొట్టాన్ని కోసేస్తే కాంక్రీటులో మిగిలిన మొదలు అది. మరమ్మతుల్లో దాన్ని తీసేస్తే అభిమానులు నొచ్చుకున్నారు. చివరికి 2011లో అక్కడి క్యూ వరుసను మార్చి కట్టినప్పుడు, రూపకర్తలే ఒక ఉంగరాన్ని చేయించి నేలలో పొదిగించారు. జనం అల్లిన కథకు యంత్రం తలవంచడమంటే ఇదే.

లండన్ ఐలో ఉన్న డబ్బాలు 32. వాటి మీద అంకెలు మాత్రం 33 దాకా ఉంటాయి, ఎందుకంటే 13 లేదు. ఇంగ్లండు ఇంజినీర్లకు కూడా అపశకునం పట్టింపే. మన వీలు ఇరుసుకు కట్టిన నిమ్మకాయలు, పచ్చి మిరపకాయల దండ చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇలాంటి కథలన్నిటిలో పెద్దది మొదటి ఉక్కు చక్రం పుట్టుకను, చావును చుట్టుకునే ఉంది.

మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పే నిలువు చక్రాలు పాతవే. 1620లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు బాటసారి, ఇప్పటి బల్గేరియాలోని ప్లోవ్‌డివ్‌లో తురుష్కుల పండుగప్పుడు చేతులతో తిప్పే కొయ్య చక్రాన్ని చూసి బొమ్మతో సహా రాసుకున్నాడు. కొన్నేళ్లకు ఆయన మన దేశానికీ వచ్చాడు. కొయ్య చక్రం ఉక్కు చక్రమైంది మాత్రం 1893లో, షికాగో ప్రపంచ ప్రదర్శనలో. 1889లో పారిస్ వాళ్లు ఈఫిల్ టవర్ కట్టి అందరి నోళ్లూ మూయించారు. దాన్ని మించింది మనమూ ఏదో ఒకటి కట్టాలని షికాగో ప్రదర్శన నిర్మాణాలు చూస్తున్న డేనియల్ బర్న్‌హామ్ ఇంజినీర్లను రెచ్చగొట్టాడు. వచ్చినవాళ్లలో చాలామంది ఇంకా ఎత్తయిన టవర్లే పట్టుకొచ్చారు. వంతెనల ఉక్కును పరీక్షించే పనిలో ఉన్న జార్జ్ వాషింగ్టన్ గేల్ ఫెర్రిస్ మాత్రం చక్రం అన్నాడు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు నిండలేదు.

హోటల్లో భోంచేస్తూ చేతి రుమాలు మీద చక్రం మొత్తం గీసేశాడనీ, ఎన్ని డబ్బాలు, టికెట్ ఎంత అన్నది కూడా అక్కడే తేల్చేశాడనీ ప్రసిద్ధ కథ. ఫెర్రిస్ తాను చెప్పుకున్నది ఒక కాగితం గురించే. కాగితం రుమాలుగా మారడం జనం చేసిన పని. గీసిన బొమ్మను కట్టడంగా నిలిపే లెక్కలు మాత్రం భోజనాల బల్ల దగ్గర తేలలేదు. ఆయన సహచరుడు విలియం గ్రోనౌ కూర్చుని కట్టాడు. ఈ పేరు ఏ కథలోనూ వినపడదు. ఫెర్రిస్ కంటే ముందే అట్లాంటిక్ సిటీ వంటి చోట్ల కొయ్య చక్రాలు నడిపి పేటెంటు పొందిన విలియం సోమర్స్ అనే ఆయన కోర్టుకు పోయినా కేసు నిలవలేదు. ఆయన పేరూ మరుగునే పడింది.

1893 జూన్ 21న తిరగడం మొదలైన ఆ చక్రం ఎత్తు 264 అడుగులు. 36 డబ్బాలు, ఒక్కోదానిలో 60 మంది పట్టేవాళ్లు. అంటే ఒక్కసారికి 2,160 మంది. టికెట్ అర డాలరు. చూసినవాళ్లకు మొదట నమ్మకం కుదరలేదు. అంత బరువు మోసే చక్రానికి ఆకులుగా సన్నటి ఇనుప కడ్డీలే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అసలు ఆధారమే లేనట్టుండేది. సిరిసిల్లలో సాంచె నడిపేవాళ్లకయితే ఇది వింతగా తోచకపోవును. పడుగు దారం బిగి ఉన్నంతసేపు లాగుడుకు తట్టుకుంటుంది, వదులైతే ఎందుకూ కొరగాదు. ఫెర్రిస్ చక్రంలోని కడ్డీలూ అంతే. అవి అంచును కింది నుంచి మోయవు, అన్ని వైపుల నుంచీ ఇరుసు వైపు లాగి పట్టుకుంటాయి. సైకిలు చక్రంలో పనిచేసే సూత్రమూ ఇదే. లాగుడుకు సన్నటి కడ్డీ చాలు, మోయాలంటేనే లావు దూలం కావాలి.

ఇంకో సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఇంజన్ ఇరుసును తిప్పుతుందనుకుంటాం. షికాగోలో వెయ్యి గుర్రాల శక్తి గల ఆవిరి ఇంజన్, అంచుకున్న పళ్లకు గొలుసు తగిలించి అంచునే లాగేది. అలాంటిదే రెండో ఇంజన్ మొదటిది చెడిపోతే ఆదుకోవడానికి పక్కనే ఉండేది. లండన్ ఐని అంచుకు ఆనుకుని తిరిగే రబ్బరు టైర్లు తిప్పుతాయి. మన జాతర వీలుల్లో చాలావాటికి అంచు చుట్టూ తాడో బెల్టో వేసి ఉంటుంది. తలుపును బందు దగ్గర కాకుండా చివర తోస్తే సులువుగా కదులుతుంది కదా, ఇక్కడ ఉన్న లెక్కా అదే. అంచు దగ్గర చిన్న బలం చేసే పనిని ఇరుసు దగ్గర చేయించాలంటే ఇరుసును మెలిపెట్టేంత బలం కావాలి.

ఇక ఆ ఇరుసు. బెత్లెహేమ్ ఐరన్ కంపెనీ పోత పోసి, సాగగొట్టి చేసిన ఒకే ఒక్క ఉక్కు దిమ్మె. పొడవు 45 అడుగులు దాటింది, బరువు 89,320 పౌన్లు, అంటే మన లెక్కలో 40 టన్నుల పైచిలుకు. ఆనాటికి అంత పెద్ద ఉక్కు దిమ్మెను ఎవరూ అలా సాగగొట్టలేదు. దాదాపు 14.5 లక్షల మంది ఎక్కి దిగిన ఆ చక్రంలో ఎవరి కంటా పడని భాగం, అన్నీ మోసిన భాగం అదే.

చక్రం కట్టినవాడికి కలిసిరాలేదు. లాభాల వాటా కోసం కోర్టుల చుట్టూ తిరిగి, అప్పులపాలై, 1896 నవంబరులో 37 ఏళ్లకే టైఫాయిడ్‌తో పోయాడు ఫెర్రిస్. చక్రాన్ని ఊడదీసి షికాగోలోనే మరో చోట నిలిపారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు తరలించారు. ప్రదర్శన ముగిశాక దాన్ని పోషించేవాడు దొరకలేదు. 1906 మే 11న డైనమైట్ పెట్టి కూల్చేశారు. ఇనుమంతా తుక్కుకు పోయింది. మరి ఇరుసు ఏమైంది? కదిలించలేక, ప్రదర్శన జరిగిన ఫారెస్ట్ పార్కులోనే గొయ్యి తవ్వి పూడ్చేశారని సెయింట్ లూయిస్ వాళ్లు నూరేళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. ముక్కలుగా కోసి అమ్మేసుకున్నారని ఇంకో వాదం. ఒక భూభౌతిక శాస్త్రవేత్త అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం పట్టుకుని ఆ చుట్టుపక్కల వెతికాడు. భూమిలో పెద్ద ఇనుప వస్తువు ఉంటే దాని పైన భూ అయస్కాంత క్షేత్రం కొద్దిగా చెదురుతుంది. ఒక చోట అలా చెదిరింది కూడా. తవ్వితే గానీ తేలదు. నా మటుకు నాకు, తుక్కు వ్యాపారి 40 టన్నుల మేలిమి ఉక్కును మట్టిలో వదిలేశాడంటే నమ్మబుద్ధి కాదు.

షికాగో చక్రం జాతర దాకా ఎలా వచ్చిందన్నది కథల్లో లేని అసలు మలుపు. 1893లో ఆ చక్రం ఎక్కినవాళ్లలో విలియం సలివన్ అనే మరో వంతెనల మేస్త్రీ ఉన్నాడు. ఎత్తులో ఫెర్రిస్‌ను మించాలని ఆయన అనుకోలేదు. విప్పి బండికెత్తి, ఇంకో ఊళ్లో మళ్లీ నిలబెట్టగలిగే చక్రం కావాలనుకున్నాడు. 1900 మే 23న ఇలినాయ్ రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో 45 అడుగుల ఎత్తు, 12 కుర్చీలతో దాన్ని తిప్పి చూపించాడు. ఊరూరా తిరిగే జెయింట్ వీలు వంశం అక్కడ మొదలైంది. నా దృష్టిలో ఫెర్రిస్ కంటే ఈయనే పెద్ద ఆవిష్కర్త. 264 అడుగుల చక్రం ఒక నగరానికి సరిపోయింది. విప్పగల చక్రం ధర్మపురి దాకా వచ్చింది.

వేములవాడ శివరాత్రికి, ధర్మపురి నరసింహస్వామి జాతరకు, వేసవిలో ఏ పట్టణంలోనో ఖాళీ జాగాలో వెలిసే ఎగ్జిబిషన్‌కు దిగే వీలు ఆ వంశంలోదే. లారీల మీద ముక్కలుగా వస్తుంది. నట్లు బిగిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది గనుక చాలా కీళ్లను పిన్నులతో కలిపి, పిన్ను జారకుండా చీలిక మేకు దూర్చి వంచుతారు. కాళ్ల కింద కొయ్య దిమ్మెలు పరుస్తారు. ఆ దిమ్మెలు బరువును ఎక్కువ నేలకు పంచి, కాలు మెత్తటి మన్నులోకి దిగబడకుండా చూస్తాయి.

ఇక్కడి కథలు ఇక్కడివే. కొత్త జంట ఎక్కితే వీలాయన కావాలనే పైన ఆపుతాడంటారు. ఆయన ఆపేది బరువు కోసం. అందరినీ ఒకే పక్క డబ్బాల్లో నింపితే చక్రం ఆ పక్కకే గుంజుతుంది, ఇంజన్ మొరాయిస్తుంది, బ్రేకు జారుతుంది. అందుకే ఒక డబ్బా నింపాక సరిగ్గా దానికి ఎదురుగా ఉన్నదాన్ని కిందికి తెచ్చి నింపుతాడు. మీరు పైన ఆగారంటే కింద మీ తూకానికి తూకం ఎక్కుతున్నారన్నమాట. ఈ పాఠం ఆయనకు ఏ కాలేజీలోనూ చెప్పి ఉండరు.

నిజంగా దాగి ఉన్న వివరం వేరే ఉంది, దాని మీద కథలేవీ లేవు. జాతర వీలు ఆకులు ఫెర్రిస్ కడ్డీల్లా కేవలం లాగుడుకు పనిచేసేవి కావు, గట్టి ఇనుప చట్రాలు. డబ్బా పైన ఉన్నప్పుడు ఆకు నొక్కుడు పడుతుంది, కిందికి వచ్చినప్పుడు లాగుడు పడుతుంది. ఒక్కో చుట్టుకు ఒక్కో మార్పు. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా తిరిగితే, ఎక్కే దిగే సమయం తీసేసినా, రాత్రికి వెయ్యి చుట్లకు తక్కువ ఉండవు. ఒకసారికి ఏమీ కాని బరువు లక్షల సార్లు అటూ ఇటూ మారుతుంటే లోహం అలసిపోతుంది. వెల్డింగు అంచున వెంట్రుకంత పగులు మొదలై, చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెం లోపలికి పాకుతుంది. డబ్బా వేలాడే పిన్నులకూ ఇదే గతి. నలుగురు కలిసి 240 కిలోలుంటే, చక్రం కింది భాగంలో డబ్బా బరువు కాక 330 కిలోల దాకా ఆ పిన్నుల మీద పడుతుంది. ఊరు మారినప్పుడల్లా ఊడదీసి బిగించడంతో పిన్ను రంధ్రం అరిగి పెద్దదవుతుంది. ప్రతి సీజనుకు వేసే కొత్త రంగు ఈ పగుళ్లన్నిటినీ కప్పేస్తుంది.

దీన్ని కనిపెట్టడం పెద్ద విద్య కాదు. కీలు దగ్గర రంగు గీకేసి, తుడిచి, ఎర్రటి ద్రవం పూసి కాసేపు ఆగాలి. పైది తుడిచేసి తెల్ల పొడి చల్లితే, పగులు ఉన్నచోట లోపల ఇంకిన ద్రవం ఎర్రటి గీతగా పైకి తేలుతుంది. కర్మాగారాల్లో రోజూ చేసే చవకైన పరీక్ష ఇది.

జాతర జాగాను వేలం వేసే దేవస్థానాలు, ఎగ్జిబిషన్‌కు అనుమతి ఇచ్చే మునిసిపాలిటీలు పాట ఎంత పలికిందని చూస్తాయి, కరెంటు కనెక్షన్ చూస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో వచ్చే జాతర నుంచైనా డబ్బా పిన్నులకు, ఇరుసు దగ్గరి వెల్డింగులకు ఈ పరీక్ష చేయించిన కాగితం చూపిస్తేనే వీలు తిప్పనివ్వాలి. ఆ కాగితాన్ని టికెట్ కిటికీ పక్కనే, నిమ్మకాయల దండ కిందే అంటించమనాలి.