పిడి లేని సొరుగుకు ఏ చానల్ తగును?

సరిహద్దు గ్రామాలలో కొత్త ఇల్లు కట్టుకొనేవారు గోడలో కలిసిపోయే బీరువాలను, వంటింటి గట్టు కింద సొరుగులను చేయించుకొనడం ఇప్పుడు సాధారణమైంది. పిడి లేకపోతే ఇరుకు గదిలో నడకకు అడ్డుండదు, చీర కొంగు తగులుకొనదు, పిల్లల తలకు దెబ్బ తగలదు. అయితే పిడి చేసే పనిని మరొకటి చేయాలి. ఆ పని చాలావరకు సొరుగు పక్కన బిగించే చానల్ మీద పడుతుంది. దుకాణాలలో రన్నర్ అనీ, స్లైడ్ అనీ అంటారు గాని, హోసూరులో తమిళంలో అడిగినా, బళ్లారిలో కన్నడంలో అడిగినా చానల్ అన్న మాట చాలు. గోడకు బిగించిన పెట్టె గనుక, పొరపాటు జరిగితే విప్పి మార్చడానికి మళ్లీ వడ్రంగి కూలి, మళ్లీ ప్లైవుడ్ ఖర్చు.

మొదట చూడవలసినది లోతు. చానళ్లు సాధారణంగా 10 అంగుళాల నుండి 24 అంగుళాల వరకు దొరుకుతాయి. 9 అంగుళాల ఇటుక గోడలో వదిలిన గూటిలో అతి చిన్న చానల్ కూడా పట్టదు. అక్కడ అరలే మేలు. పాత మిద్దె ఇళ్లలోని మందపాటి మట్టిగోడల గూళ్లు ఇందుకు నయం. సొరుగు ముందు పలక చట్రం లోపలికి ఇమిడే పద్ధతిలో 18 అంగుళాల చానల్, అంటే 450 మిల్లీమీటర్లది, బిగించాలంటే పలక మందం 18, నొక్కుడుకు 3, వెనుక కొంత ఖాళీ కలిపి దాదాపు 480 మిల్లీమీటర్ల లోతు ఉండాలి.

ఇక వెడల్పు. కడప బండలతో కట్టిన అరలలో చానల్‌ను రాతికి నేరుగా బిగించడం కుదరదు. రాళ్ల మధ్య ప్లైవుడ్ పెట్టె అమర్చి దానికి మరలు బిగించాలి. బండల మధ్య 600 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నదనుకొందాం. పెట్టె పక్క పలకలు రెండింటికి 36 పోగా 564 మిగులుతుంది. మామూలు టెలిస్కోపిక్ చానల్ ఒక్కొక్క పక్క సుమారు 13 తీసుకొంటుంది. కాబట్టి సొరుగు బయటి కొలత 538కి మించరాదు. ఈ లెక్క వేయకుండా సొరుగును ముందే కోయించి, ఆ తరువాత చానల్ కొనడానికి వెళ్లేవారే ఎక్కువ. చానల్ కొన్న పిమ్మటనే సొరుగు కోయించడం క్షేమం.

పిడి లేని సొరుగును తెరిచే మార్గాలు ముఖ్యంగా రెండు. పలకను లోపలికి నొక్కితే స్ప్రింగు సొరుగును కొద్దిగా ముందుకు తోసేది పుష్ ఓపెన్ పద్ధతి. పలక పై అంచును ఏటవాలుగా చెక్కి, వేళ్లు దూరేంత సందు ఉంచేది రెండవది. మొదటిది చూపులకు ఇంపైనది. చేతిలో గిన్నెలున్నప్పుడు మోకాలితో తాకినా తెరుచుకొంటుంది. కాని పలక వెనుక దాదాపు 3 మిల్లీమీటర్ల ఖాళీ నిలిచి ఉండాలి. చట్రంలో ఇమిడిన చెక్క పలక వానాకాలంలో ఉబ్బి అంచులు పట్టుకొంటే ఎంత నొక్కినా స్ప్రింగు కదలదు. లాగడానికి పిడి ఉండదు. పొలం పాసుపుస్తకమో, రేషన్ కార్డో లోపల ఉండిపోతుంది. వెడల్పైన సొరుగును ఒక మూల నొక్కితే ఒక పక్క గొళ్లెమే విడివడి ఇరుక్కొనవచ్చు. అందుకే రెండు పక్కలను కలిపే కడ్డీ గల రకం అడగాలి.

మరొక చిక్కు ఉన్నది. సాఫ్ట్ క్లోజ్ చానల్ సొరుగును మెల్లగా లోపలికి లాగి పట్టి ఉంచుతుంది. పుష్ ఓపెన్ బయటికి తోస్తుంది. ఈ రెండింటినీ వేర్వేరుగా కొని ఒకే సొరుగుకు బిగిస్తే ఒకదాని పని మరొకటి చెడగొడుతుంది. రెండూ కలిసి పనిచేసేలా తయారుచేసినవి, ఆస్ట్రియాకు చెందిన బ్లూమ్ సంస్థ టిప్ ఆన్ బ్లూమోషన్ వంటివి, ఉన్నాయి గాని వాటి ధర ఎక్కువ, కొలతలలో ఖచ్చితత్వం మరీ ఎక్కువ. సొరుగు అడుగున దాగే చానళ్లలో చాలావాటికి పక్క పలక మందం 16 మిల్లీమీటర్లు దాటకూడదు. మన వడ్రంగులు అలవాటుగా వాడే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాటికి ఇమడదు. పల్లె ఇంటికి అంచు చెక్కిన పలక, మామూలు సాఫ్ట్ క్లోజ్ బాల్ బేరింగ్ చానల్, ఈ జోడియే ఉత్తమం. చెడిపోయినా దగ్గరి పట్టణంలో అదే కొలతది దొరుకుతుంది.

బరువు విషయంలో పెట్టెపై ముద్రించిన 35 లేక 45 కిలోలు ఒక జతకు వర్తిస్తాయి. అందులో సొరుగు బరువు కూడా చేరి ఉంటుంది. ఇత్తడి బిందెలు, ఇనుప పెనాలు ఉంచే అడుగు సొరుగుకు 45 కిలోల రకానికి తగ్గరాదు. బట్టలకు 35 చాలు. తెల్లని రంగు పూసిన చవక రోలర్ చానల్ సొరుగును మూడు వంతులే బయటికి రానిస్తుంది. వెనుక పెట్టినది వెదుక్కోవలసిందే.

యానాం, బరంపురం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి జింకు పూత త్వరగా పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ దొరికితే అదే తీసుకొనాలి. బళ్లారి వైపు ఎర్రదుమ్ము గుళ్లలో చేరి గరగరలాడుతుంది. పొడి గుడ్డతో తుడవాలి; వంటనూనె మాత్రం వేయకూడదు, దుమ్ము మరింత అంటుకొంటుంది.

కొనేముందు దుకాణంలోనే చానల్‌ను పూర్తిగా లాగి, కొసను పైకీ కిందికీ కదిలించి చూడాలి. ఎక్కువగా ఊగితే మరొక జత అడగాలి. పుష్ ఓపెన్ రకమే కావాలనుకొన్నవారు సొరుగు ముందు పలక అడుగున, కనబడని చోట, ఒక వేలు పట్టే గాడి చెక్కించమని వడ్రంగికి ముందే చెప్పి ఉంచాలి. స్ప్రింగు మొరాయించిన రోజున లాగడానికి అదే ఆధారం.