జామీను మంజూరైంది, చిరునామా ఏది?

అసర్ నమాజు ముగిసి పిల్లలందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి మదర్సా గుమ్మం దగ్గర నిలబడింది. కొన్నేళ్ళ క్రితపు మాట. ఆమె కుమారుడు మా వద్ద మూడు సంవత్సరాలు ఖాయిదా, నాజిరా చదివినవాడే. తరువాత చదువు మాని గోడలకు రంగులు వేసే పనికి వెళ్ళసాగాడు. ఇరవై ఏళ్ళ వయసులో సెల్‌ఫోన్ల దొంగతనం కేసులో రిమాండుకు వెళ్ళాడు. మూడు వారాలకు కోర్టు జామీను మంజూరు చేసింది. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఒక్కొక్కరు పదివేల రూపాయలకు పూచీ ఇవ్వాలి.

"హజ్రత్, మీరొక్క సంతకం పెడితే నా బిడ్డ ఇంటికొస్తాడు" అని ఆమె అడిగింది.

మేము పెట్టలేదు. ఇంటి పన్ను రసీదు ఇంకా మా తండ్రిగారి పేరు మీదే ఉందనీ, కోర్టు దాన్ని ఒప్పుకోదనీ చెప్పాం. అది అబద్ధం కాదు. కాని అసలు కారణమూ కాదు. మా పేరు, మా మదర్సా పేరు పోలీస్ స్టేషన్ కాగితాల్లోకి ఎక్కుతాయేమోనన్న భయం మాది. ఆమె మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మస్జిద్ కమిటీలో ఇద్దరిని అడిగిందట. వారూ ఏదో ఒకటి చెప్పారు.

ఆ కుర్రవాడు ఐదు నెలలు సబ్ జైలులో ఉన్నాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పంపిన ఒక పారాలీగల్ వలంటీరు జైలుకు వచ్చినప్పుడు వాడి సంగతి బయటపడింది. దరఖాస్తు పెడితే కోర్టు సొంత పూచీకత్తు మీద విడుదల చేసింది. అప్పటికి ఇంటి యజమాని తల్లిని గది ఖాళీ చేయించాడు. ఆమె వేరే ఊళ్ళో చెల్లెలి ఇంటి వరండాలో తలదాచుకున్నది. వీడికి అక్కడ చోటు లేదు. కొన్నాళ్ళు బస్టాండులో పడుకున్నాడు. ఆ తరువాత చోటిచ్చినవారు పాత స్నేహితులే. ఏడాది తిరగకముందే రెండో కేసు వచ్చింది. మొదటి కేసును సాక్ష్యం లేదని కోర్టు కొట్టివేసింది. రెండోది రుజువైంది, శిక్ష పడింది. మొదటి కేసులో దోషి కానివాడు ఐదు నెలలు జైలులో ఉండి, బయటికి వచ్చి నిజంగానే దోషి అయ్యాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

జైలులో ఉన్నవారంతా నేరం చేసినవారేనని మన ఇళ్ళలో అనుకుంటాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. ఆ జైళ్ళలో ఉన్న చోటు మాత్రం 4,36,266 మందికే. దేశ జనాభాలో 14 శాతానికి కొంచెం పైగా ఉన్న ముస్లింలు ఈ విచారణ ఖైదీలలో అంతకు మించిన వాటాలో ఉన్నారన్నది కూడా ఆ నివేదికలే చెబుతున్నాయి. దీనికి ఎవరిని నిందించాలన్నది వేరే చర్చ. జామీను వచ్చాక కూడా లోపలే ఉండిపోయినవారి విషయంలో మాత్రం నింద మన గుమ్మం దాకా వస్తుంది.

న్యాయస్థానాలకు ఈ సంగతి తెలియనిది కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాని కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మధ్యప్రదేశ్‌లోని ఒక మేజిస్ట్రేటు అతన్ని పదివేల రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడు పూచీ ఇవ్వడానికి ముందుకు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఒక తెలుగువాడు ఎక్కడో దూరాన బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో పట్టుబడితే స్థానిక జామీనుదారుని ఎక్కడినుండి తెస్తాడని ప్రశ్నించారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద మోతీరామ్‌ను విడుదల చేయమన్నారు. మరుసటి సంవత్సరం బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గుతున్న పేదల గురించి హుస్సైనారా ఖాతూన్ కేసు వచ్చింది. వారిలో కొందరు నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ పేరుతోనే గడిపేశారు. ఆ మాట విని దేశం సిగ్గుపడింది. నలభై ఐదేళ్ళు దాటినా పేదవాని జామీను కథ పెద్దగా మారలేదు.

1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని చూడండి. చిన్న నేరంలో దోషిగా తేలినవానిని కూడా జైలుకు పంపకుండా, మంచి నడవడిక పూచీ మీద, అవసరమనుకుంటే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో విడిచిపెట్టవచ్చునని అది చెబుతుంది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండనివానిని జైలుకు పంపదలచుకుంటే కోర్టు దానికి కారణాలు రాయాలి. ఎంత దయగల చట్టం! కాని అందులో ఒక షరతు ఉన్నది. ఆ దోషికి గాని, అతని జామీనుదారుకు గాని స్థిరమైన నివాసమో, క్రమమైన వృత్తో ఉన్నదని కోర్టు నమ్మాలి. బస్టాండులో పడుకునేవాడు ఏ చిరునామా చూపిస్తాడు? చట్టం తెరిచిన తలుపు చిరునామా లేనివానికి మూసుకుపోతున్నది.

తొంభై తొమ్మిది మందిని హత్య చేసినవాని వృత్తాంతం మనలో చాలామంది జుమా ప్రసంగాల్లో విన్నదే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు. అతడు పశ్చాత్తాపంతో ఒక సన్యాసిని అడిగితే, నీకు తౌబా లేదన్నాడు. ఆ సన్యాసినీ చంపాడు. ఆ తరువాత ఒక ఆలిం వద్దకు వెళ్ళాడు. మనం పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు అల్లాహ్ కారుణ్యం గురించి చెప్పి ఆగిపోతాం. ఆ ఆలిం చెప్పిన రెండో మాటను దాటవేస్తాం. తౌబా ద్వారం తెరిచే ఉన్నదని చెప్పి ఊరుకోలేదు ఆయన. ఫలానా ఊరికి వెళ్ళు, అక్కడ మంచివారున్నారు, వారితో కలిసి ఆరాధించు, నీ పాత ఊరికి మాత్రం తిరిగి పోవద్దు అన్నాడు. అంటే క్షమాపణతోపాటు ఒక చిరునామా కూడా ఇచ్చాడు.

దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో జైలు భవనమంటూ లేదు. సుమామా బిన్ ఉసాల్‌ను (రజి) పట్టి తెచ్చినప్పుడు మస్జిదె నబవీ స్తంభానికి కట్టారు. మూడు రోజులు నమాజులు, ప్రజల రాకపోకలు కళ్ళారా చూశాడు. ఏ ధనమూ తీసుకోకుండా దైవప్రవక్త (స) విడిపిస్తే, వెళ్ళి స్నానం చేసి వచ్చి ఇస్లాం స్వీకరించాడు. అదే మస్జిద్‌లో ఇల్లూ వాకిలీ లేనివారికి సుఫ్ఫా అరుగు ఉండేది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మక్కాలో సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని కొని జైలుగా మార్చారు. కనుక జైలు ఉండనే కూడదని మేము అనడం లేదు. స్త్రీల మీద దౌర్జన్యం చేసినవాడు, కత్తి పట్టుకుని తిరిగేవాడు బయట ఉండకూడదు. మా మాట ఆ మిగతావారి గురించి.

ఖైదీలకయ్యే ఖర్చు గురించి ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) రాసినంత నిక్కచ్చిగా ఇంకొకరు రాసినట్టు మేము చదవలేదు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో, ఖైదీలు సంకెళ్ళతో వీధుల్లోకి వచ్చి భిక్షమెత్తుకోవడం చూసి ఆయన చలించిపోయారు. తినడానికి లేని ఖైదీకి ప్రభుత్వ నిధి నుండి నెలనెలా భత్యం ఇవ్వమన్నారు. రొట్టెల రూపంలో ఇస్తే జైలు సిబ్బంది కాజేస్తారు, నగదు ఇవ్వండి, నమ్మకస్తుడైన ఒకరి చేత పేరుపేరునా పట్టీ రాయించి పంచండి అన్నారు. చలికాలానికి ఏ బట్టలు, వేసవికి ఏ బట్టలు అన్నది కూడా రాశారు. కొద్ది రోజులకొకసారి ఖైదీల సంగతి విచారించి, కేసు లేనివారిని విడిచిపెట్టమన్నారు. పన్నెండు వందల ఏళ్ళ క్రితం ఒక ఖాజీ గుర్తించిన లోపం మన జిల్లా జైలు గేటు దగ్గర నేటికీ కనిపిస్తుంది.

మా కమిటీలో ఈ విషయం ఎత్తినప్పుడు మొదట వచ్చిన ప్రశ్న, "దొంగలకు జకాతా, హజ్రత్?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. జకాత్ హక్కుదారులను తౌబా సూరహ్ 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా పేర్కొన్నది. అందులో మెడలు విడిపించే ఖర్చు ఒకటి. దానిని బానిసలకే పరిమితం చేసినవారున్నారు, బందీలకూ వర్తింపజేసిన ఇమాములున్నారు. మన హనఫీ మద్‌హబ్‌లో ఆ చర్చలోకి వెళ్ళవలసిన అవసరమే లేదు. ఖైదీ నిరుపేద అయితే నిరుపేదగానే అర్హుడు. జుల్మానా కట్టలేక లోపల ఉంటే రుణగ్రస్తునిగా అర్హుడు. షరతు ఒక్కటే, సొమ్ము అతని సొంతమవ్వాలి. అందువల్ల జకాత్‌తో గది కట్టకూడదు, కమిటీ పేరున అద్దె కట్టకూడదు. ఆ సొమ్మును అతని చేతికి ఇస్తే, అతడే అద్దె కట్టుకోవాలి. గోడలకు, మంచాలకు, కరెంటు బిల్లుకు సదఖా, చందా, వక్ఫ్ ఆదాయం వాడాలి. కోర్టులో కట్టే నగదు జామీను కేసు ముగిశాక తిరిగి వస్తుంది కనుక దానికి ఖర్జె హసనా నిధి సరిపోతుంది. ఒక పదివేలు నలుగురైదుగురికి తిరుగుతుంది.

జకాత్ ముస్లింలకే చెందుతుంది, సదఖాకు ఆ హద్దు లేదు. దహర్ సూరహ్‌లో ఖైదీకి అన్నం పెట్టేవారిని అల్లాహ్ మెచ్చుకున్నప్పుడు, ఆనాటి ఖైదీలు విగ్రహారాధకులేనని ముఫస్సిర్లు వివరించారు. గదిలో ఒక మంచం వేరే మతం కుర్రవానికి ఇవ్వడానికి కమిటీలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇంకొక పెద్దాయన భయం వేరు. తాళం, కాపలా లేకుండా ఇలాంటివారిని ఒకచోట ఉంచితే పారిపోరా అన్నారు. రాజస్థాన్‌లో జైపూర్ పక్కన సాంగానేర్ బహిరంగ శిబిరం 1963 నుండి ఉన్నది. అక్కడ ఉన్నవారు జేబుదొంగలు కారు. శిక్షలో కొంత భాగం మూసిన జైలులో గడిపి, మంచి నడవడికతో ఎంపికైనవారు, హత్య కేసుల్లో యావజ్జీవం పడినవారే అధికం. భార్యాబిడ్డలతో ఇళ్ళలో ఉంటారు. పగలు బయటికి వెళ్ళి పని చేసి తమ సంసారం తామే పోషించుకుంటారు. హాజరు వేళకు తిరిగి వస్తారు. తమలో తాము పంచాయతీని ఎన్నుకుంటారు. తెలుగు రాష్ట్రాల్లోనూ అనంతపురంలో, చర్లపల్లిలో వ్యవసాయ బహిరంగ జైళ్ళున్నాయి. సాంగానేర్ విశేషం కుటుంబం. వాకిట్లో ఆడుకునే కూతురిని వదిలి పారిపోవడం గోడ దూకడంకన్నా కష్టం.

ప్రభుత్వ సాయమూ ఉన్నది, మనం అడగడం లేదు. 2023లో కేంద్ర హోం శాఖ పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. 2023 నాటి మార్గదర్శకాల ప్రకారం జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జుల్మానా కట్టలేని దోషికి 25,000 వరకు జిల్లా కమిటీ మంజూరు చేసే వీలుండేది. మాదకద్రవ్యాలు, ఉపా, అవినీతి వంటి కొన్ని చట్టాల కింది కేసులకు ఇది వర్తించదు. జామీను వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల గడిచినా పూచీకత్తు రాకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చునన్నది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, మొదటిసారి కేసులో చిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే విడుదలకు అర్హుడు. వేరే కేసులు కూడా నడుస్తుంటే ఇది వర్తించదు. ములాఖత్‌కు వెళ్ళే తల్లులు ఈ తేదీలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాలి.

ఇక సంతకం సంగతి. మాకున్న భయమే మీకూ ఉండవచ్చు. పూచీ ఇచ్చినవాని ఇల్లు మరుసటి రోజే జప్తు కాదు. నిందితుడు వాయిదాకు రాకపోతే, పూచీ సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పమని కోర్టు నోటీసు ఇస్తుంది. కారణం నచ్చితే కొంత మాఫీ చేయవచ్చు. వాడి నడత నచ్చకపోతే ముందే కోర్టుకు చెప్పుకుని పూచీ నుండి తప్పుకునే దారీ ఉన్నది. అయితే జామీనుదారు తాను ఇంకా ఎందరికి పూచీ ఉన్నాడో కోర్టుకు రాసి ఇవ్వాలి. కనుక ఒక మౌల్వీయో, ఒక సద్ర్ సాబో అందరికీ నిలబడలేరు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కరికి నిలబడాలి.

మస్జిద్ దుకాణాల పైన ఉన్న గదిని మూడు మంచాలు వేసి ఇప్పుడు వాడుతున్నాం. అద్దె, రెండు పూటల భోజనం, వాయిదాలకు బస్సు ఖర్చు కలిపి ఒక్కొక్కరికి నెలకు ఏడు వేల దాకా అవుతున్నది. భోజనం వీధిలోని ఇళ్ళ నుండి వంతుల వారీగా వస్తుంది. మొదటి వారం రెండు ఇళ్ళవారు గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. ఒక కుర్రవాడు మూడు వారాలుండి చెప్పకుండా వెళ్ళిపోయాడు, వాయిదాకు మాత్రం వచ్చాడు. ఇంకొకడు ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

మా తండ్రిగారి పేరు మీదున్న ఇంటి పన్ను మా పేరుకు మార్పించుకోవడానికి మునిసిపాలిటీ చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. రసీదు వచ్చిన నెలలోనే ఒక పూచీ కాగితం మీద సంతకం పెట్టాం. రెండో కేసులో శిక్ష అనుభవిస్తున్న మా పాత విద్యార్థి వచ్చే షాబాన్‌లో విడుదల అవుతాడు. మూడో మంచం వాడి కోసం ఉంచమని వాడి తల్లి అడిగింది. ఉంచాం.