స్నో డ్రైవింగ్: 400 హార్స్‌పవర్ ఉన్నా మంచులో కదలని పికప్ ట్రక్.. వెనక ఇసుక బస్తాలు ఎందుకు వేస్తారో తెలుసా?

చూడటానికి కొండలా ఉంటుంది. బానెట్ కింద 400 హార్స్‌పవర్ ఇంజిన్. నాలుగు టన్నుల ట్రైలర్‌ను కూడా అలవోకగా లాగేస్తుంది. కానీ రోడ్డు మీద రెండు అంగుళాల మంచు పడిందంటే చాలు.. గ్రీన్ సిగ్నల్ పడినా అక్కడే ఉండిపోతుంది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి తోక పక్కకు లాగేస్తుంది. పక్క లేన్‌లో ఓ చిన్న కారు మాత్రం మెల్లగా ముందుకు సాగిపోతుంది. ఎందుకిలా?

అమెరికా, కెనడాల్లో రియర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్ నడిపేవాళ్లకు ప్రతి చలికాలం ఎదురయ్యే సమస్య ఇది. ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ కంటే ధర తక్కువని చాలామంది రియర్ వీల్ డ్రైవ్ ట్రక్ తీసుకుంటారు. టెక్సాస్ లాంటి వేడి రాష్ట్రంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఉద్యోగం మారి అదే బండితో మిషిగన్‌కో, మిన్నెసోటాకో వెళ్లాకే అసలు కథ మొదలవుతుంది. ఆ రాష్ట్రాల్లో తెలుగువాళ్లు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. మంచు చూడకుండా పెరిగినవాళ్లకు ఈ బండి తీరు అర్థం కావడానికి కొంత టైమ్ పడుతుంది. అందుకే అసలు లోపం ఎక్కడుంది, ఏం చేస్తే బండి మాట వింటుందో ఇప్పుడు తెలుసుకుందాం.

బలం వెనక.. బరువు ముందు!

పికప్ ట్రక్‌ను తయారుచేసేదే వెనక సరుకు వేయడానికి. ఇంజిన్, గేర్‌బాక్స్, క్యాబిన్ అన్నీ ముందువైపే ఉంటాయి. ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం బరువులో దాదాపు 55 నుంచి 60 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. కానీ బండిని తోసేది వెనక చక్రాలు. అంటే పని చేయాల్సిన చక్రాల మీదే బరువు తక్కువ.

ఒక్కసారి లెక్క చూద్దాం. ట్రక్ బరువు 2,100 కేజీలు అనుకుంటే, ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద పడేది సుమారు 880 కేజీలు. పొడి తారు రోడ్డు మీద టైరు తన మీదున్న బరువులో 70 నుంచి 80 శాతం వరకు తోపుడు బలాన్ని రోడ్డుకు అందించగలదు. తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద అది 20 శాతం దగ్గరకు పడిపోతుంది. ఐస్ మీద అయితే 10 శాతమే, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

అంటే గట్టిపడిన మంచు మీద ఆ రెండు చక్రాలు ఇవ్వగలిగిన తోపుడు దాదాపు 175 కేజీల బలం మాత్రమే. ఫుల్ యాక్సిలరేటర్‌తో ఫస్ట్ గేర్‌లో పెద్ద వీ8 ఇంజిన్ ఇచ్చే బలం దానికి పది రెట్లకు పైనే. రోడ్డు తీసుకోలేని ఆ మిగతా బలమంతా చక్రాన్ని ఖాళీగా తిప్పడానికే పోతుంది. ఇక్కడ ఇంజిన్ బలమే డ్రైవర్‌కు శత్రువు!

బురదలో దిగబడిన జీపు వెనక ఇద్దరు ఎక్కి నిలబడితే చక్రం పట్టు దొరికించుకోవడం మన పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. సూత్రం అదే. చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఇంజిన్ బరువు సరిగ్గా తోసే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి, అది మంచులో సులువుగా కదులుతుంది.

ఇసుక బస్తాల సీక్రెట్ ఇదే

చలికాలం రాగానే అక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో ట్యూబ్ శాండ్ పేరుతో పొడవాటి ఇసుక సంచులు అమ్ముతారు. ఒక్కోటి సాధారణంగా 60 పౌండ్లు, అంటే 27 కేజీలు. అలాంటివి ఐదు వేస్తే వెనక మరో 135 కేజీలు పెరుగుతుంది. పైన చెప్పిన లెక్కలో చూస్తే వెనక చక్రాల పట్టు 15 శాతం పెరిగినట్టే.

అయితే ఎక్కడ వేశామన్నదే ముఖ్యం. చాలామంది ట్రాలీ డోర్ దగ్గరే పడేస్తారు. అది తప్పు. ఇరుసుకు వెనకగా బరువు పెడితే తక్కెడలా ముందుభాగం పైకి లేస్తుంది. స్టీరింగ్ తిప్పే చక్రాల మీద భారం తగ్గి, మలుపుల్లో బండి తిరగదు. అందుకే సంచులను సరిగ్గా వెనక ఇరుసు మీద, లేదంటే దానికి కాస్త ముందు పెట్టాలి. కదలకుండా గట్టిగా కట్టాలి. సడన్ బ్రేక్ వేస్తే వదులుగా ఉన్న 27 కేజీల సంచి క్యాబిన్ మీదకు దూసుకొస్తుంది. ఎంత బరువు వేయొచ్చో డ్రైవర్ డోర్ అంచున ఉన్న స్టిక్కర్‌లో ఉంటుంది, అది దాటకూడదు.

ఇసుకతో ఇంకో లాభం కూడా ఉంది. బండి ఇరుక్కుపోతే ఒక సంచి విప్పి చక్రం ముందు చల్లుకోవచ్చు. ట్రాలీలో పడిన మంచునే బరువుగా వదిలేయడం మాత్రం మంచి ఐడియా కాదు. అది ఎగిరి వెనక వచ్చే బండి అద్దం మీద పడుతుంది.

ఇసుక కంటే ముందు టైర్లు

బస్తాల వల్ల కదలడం సులువవుతుంది. ఆగడం కాదు! బరువు పెరిగితే పట్టుతో పాటు ఆపాల్సిన భారం కూడా పెరుగుతుంది. కాబట్టి బ్రేక్ వేసిన తర్వాత బండి ఆగే దూరం తగ్గదు. మొదటి ఖర్చు వింటర్ టైర్ల మీద పెట్టాలని చెప్పేది అందుకే.

ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. పైన ఉండే సన్నటి కోతలు మంచును కరిచి పట్టుకుంటాయి. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. మంచు మీద పట్టు పరీక్షలో పాసైన టైరుకే ఆ గుర్తు ఇస్తారు.

తోసేవి వెనక చక్రాలే కదా అని రెండే టైర్లు మారిస్తే ప్రమాదం. స్టీరింగ్, బ్రేకింగ్ పని ఎక్కువగా చేసేది ముందు చక్రాలు. నాలుగూ మార్చాల్సిందే. టైర్లలో గాలి కూడా తరచూ చూసుకోవాలి. ఉష్ణోగ్రత దాదాపు 5.5 డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ టైరులో సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది.

కొన్నిచోట్ల ఇది చట్టం కూడా. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. అమెరికాలోని కొలరాడోలో ఐ-70 కొండ మార్గంలో సెప్టెంబర్ నుంచి మే చివరి వరకు టూ వీల్ డ్రైవ్ బండ్లకు తగిన టైర్లు ఉండాలి, లేదంటే చైన్లు వెంట పెట్టుకోవాలి. రియర్ వీల్ డ్రైవ్ ట్రక్‌కు చైన్లు వెనక చక్రాలకే వేయాలి.

ఆగే దూరం.. ఈ లెక్క గుర్తుంచుకోండి

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ తొక్కిన క్షణం నుంచి ఆగే దూరం సుమారుగా ఇలా ఉంటుంది.

* పొడి తారు రోడ్డు: 14 మీటర్లు
* గట్టిపడిన మంచు: 50 మీటర్లు
* ఐస్: 100 మీటర్లు

డ్రైవర్ ప్రమాదాన్ని చూసి కాలు కదిపే లోపు దొర్లిపోయే దూరం దీనికి అదనం. అదే వేగాన్ని 30కి తగ్గిస్తే ఐస్ మీద ఆగే దూరం 35 మీటర్లకు దిగుతుంది. అంటే 20 కిలోమీటర్ల వేగం తగ్గిస్తే 65 మీటర్లు మిగిలినట్టు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా ఈ దూరం తగ్గదు. అది కదలడానికి సాయం చేస్తుంది కానీ ఆపడానికి కాదు.

ముందు బండికి మామూలు రోజుల్లో 3 సెకన్ల గ్యాప్ ఉంచితే, మంచులో దాన్ని కనీసం రెట్టింపు చేసుకోవాలి.

స్టీరింగ్ దగ్గర ఏం చేయాలి?

* యాక్సిలరేటర్ మీద కాలు కింద పచ్చి గుడ్డు ఉన్నట్టు మెల్లగా తొక్కాలి. స్లిప్పరీ లేదా స్నో మోడ్ ఉంటే ఆన్ చేయాలి. పెడల్ ఎంత తొక్కినా ఇంజిన్ నిదానంగానే స్పందిస్తుంది. సెకండ్ గేర్‌లో బయల్దేరే వీలుంటే ఇంకా మంచిది.
* క్రూయిజ్ కంట్రోల్ వద్దు. చక్రం జారినప్పుడు డ్రైవర్ కాలే వెంటనే స్పందించాలి.
* పై గేర్ నుంచి కింది గేర్‌కు ఒక్కసారిగా దించకూడదు. ఇంజిన్ బ్రేకింగ్ మొత్తం తేలికగా ఉన్న వెనక చక్రాల మీదే పడి తోక జారుతుంది. టో/హాల్ మోడ్ ఆఫ్‌లో ఉంచాలి.
* వెనక భాగం జారితే బ్రేక్ తొక్కొద్దు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండి ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ అటే తిప్పాలి. బండి సర్దుకోగానే స్టీరింగ్ నేరుగా చేయాలి. ఆలస్యమైతే తోక రెండోవైపు కొడుతుంది.
* అత్యవసరంగా ఆపాల్సి వస్తే ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేక్ గట్టిగా తొక్కి అలాగే ఉంచాలి. పెడల్ కింద గడగడ కొట్టుకుంటే భయపడి కాలు తీయొద్దు, అది ఏబీఎస్ పని చేస్తున్న గుర్తు.

అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లు, ఈ తరహా పికప్‌లన్నింటిలో స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. జారుతున్న బండిని అది చాలావరకు సరిచేస్తుంది. రోడ్డు మీద దాన్ని ఆఫ్ చేయకూడదు. ఒక్క సందర్భంలో మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ కాసేపు ఆపొచ్చు. బండి మంచులో ఇరుక్కున్నప్పుడు అది ఇంజిన్ బలాన్ని పూర్తిగా కోసేస్తుంటే, దాన్ని ఆపి ముందుకు, వెనక్కి మెల్లగా ఊపుతూ బయటకు తీయొచ్చు. బయటపడగానే మళ్లీ ఆన్ చేయాలి.

లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న ట్రక్‌లో ఒక చక్రం ఖాళీగా తిరుగుతుంటే రెండో చక్రానికీ బలం అందుతుంది. ఇరుక్కున్నప్పుడు ఇది వరమే. కానీ ఐస్ మీద మలుపులో రెండు చక్రాలూ ఒకేసారి జారి తోక పక్కకు కొట్టుకుపోయే ముప్పు ఉంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

అమెరికా రోడ్లలో 70 శాతానికి పైగా మంచు పడే ప్రాంతాల్లోనే ఉన్నాయని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెబుతోంది. మంచు, ఐస్ ఉన్న రోడ్ల మీద ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారని కూడా ఆ సంస్థ లెక్కలు చెబుతున్నాయి.

మంచు అలవాటు లేని చోట ముప్పు ఇంకా ఎక్కువ. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు రోడ్డు మీద గుట్టలుగా మంచేమీ లేదు. కంటికి ఆనని పల్చటి ఐస్ పొర.. అంతే! తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ ప్రాంతం దాని పక్కనే.

దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. రోడ్డు కేవలం తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. బ్రిడ్జిల మీద కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి, మిగతా రోడ్డు కంటే అవే ముందు గడ్డకడతాయి. సున్నా డిగ్రీల దగ్గర ఐస్ పైన సన్నటి నీటి పొర ఉండి, గడ్డు చలిలో కంటే ఎక్కువ జారుతుంది. బ్రిడ్జి రాకముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ముట్టుకోకుండా నేరుగా దాటేయాలి.

బండి ఇరుక్కుపోతే..

ట్రక్‌లో ఎప్పుడూ ఒక పార, దుప్పట్లు, టార్చ్, నీళ్లు, ఫోన్ ఛార్జర్ ఉండాలి. మంచు తుపానులో చిక్కుకుంటే బండి దిగి నడిచిపోవద్దు, లోపలే ఉండాలి. అయితే హీటర్ కోసం ఇంజిన్ ఆన్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ పేరుకున్న మంచును తప్పకుండా తీసేయాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరుతుంది. ఆ విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజిన్ నిరంతరం నడపకుండా, మధ్యమధ్యలో కాసేపు ఆన్ చేసి ఆపేస్తూ ఉండాలి. ఒక అద్దం కొద్దిగా దించి ఉంచాలి. మంచు కురుస్తుంటే గొట్టం మళ్లీ మూసుకుపోతుంది కాబట్టి, ఇంజిన్ ఆన్ చేసే ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూసి రావాల్సిందే.