సేద్యపు సబ్సిడీ ఎవరి ఖాతాలో పడుతోంది?

యూరోపియన్ యూనియన్ ఉమ్మడి వ్యవసాయ విధానం 1962లో మొదలైంది. ఇప్పటికీ యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు దానికే పోతుంది. 2021–27 కాలానికి కేటాయించింది సుమారు 38,700 కోట్ల యూరోలు. ఒకప్పుడు పంట ధరల రూపంలో అందిన సాయం, 2003 సంస్కరణ తర్వాత ఎక్కువగా హెక్టార్ల లెక్కన అందుతోంది. భూమి ఎక్కువ ఉన్నవారికి సొమ్మూ ఎక్కువే. నేరుగా చెల్లించే మొత్తంలో సుమారు 80 శాతం 20 శాతం మందికే చేరుతోంది.

ఆ 20 శాతం మంది ఎవరన్నది చాలాకాలం గుట్టుగానే ఉంది. 2004లో డెన్మార్క్ పాత్రికేయులు తమ ప్రభుత్వం నుంచి జాబితా రాబట్టారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో సమాచార హక్కు చట్టం అమల్లోకి రాగానే అక్కడి పేర్లూ బయటపడ్డాయి. వాటిలో ఎలిజబెత్ రాణి ఎస్టేటు ఉంది, వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ ఉన్నారు, చక్కెర కంపెనీ టేట్ అండ్ లైల్ ఉంది. ఎవరూ నిబంధన మీరలేదు. జాబితా విలువ తెలిసేది ఇక్కడే. దొంగల సంగతి అటుంచి, నిబంధన ఎవరి కోసం పనిచేస్తోందో అది చూపించింది. చిన్న రైతును నిలబెట్టడానికని చెప్పి వసూలు చేసిన పన్ను ఎక్కడ తేలిందో ప్రజలు పేర్లతో సహా చదివారు.

2009 నాటికి సభ్యదేశాలన్నీ పేర్లు ప్రకటించాలని యూనియన్ నిర్దేశించింది. జర్మనీలోని హెస్సె రైతులు కోర్టుకెక్కారు. తమ ఆదాయం ఊరందరి కళ్లలో పడుతోందన్నది వారి అభ్యంతరం. కొట్టిపారేయదగ్గ మాట కాదది. సబ్సిడీయే ఆదాయంలో పెద్ద భాగమైన ఇంట్లో ఆ అంకె బయటపడితే ఇంటి లెక్కంతా బయటపడినట్టే. 2010 నవంబరు 9న యూరోపియన్ న్యాయస్థానం వారి వాదనను చాలావరకు ఒప్పుకుంది. ఎంత సొమ్ము, ఎంతకాలం, ఏ రకం సాయం అన్న తేడా లేకుండా వ్యక్తులందరి పేర్లూ పెట్టడం అవసరానికి మించిన పని అంది. కంపెనీల పేర్లకు మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు.

2013లో నిబంధన మార్చి రాశారు. పేరు, ఊరు, పథకం, మొత్తం ఏటా మే 31లోగా ప్రకటించాలి. 1,250 యూరోల లోపు తీసుకున్న చిన్నవారి పేర్లు ప్రకటించకూడదు. ఈ రాజీ న్యాయమైనదే. వివరాలు రెండేళ్లపాటే అందుబాటులో ఉంచాలన్న నియమం మాత్రం పొరపాటు. అయిదారేళ్లు పోల్చి చూస్తే గాని సొమ్ము ఎటు పారుతోందో తెలియదు.

పేరు దొరికినంత మాత్రాన మనిషి దొరకడు. స్లొవాకియా తూర్పు ప్రాంతంలో ఇటలీ మాఫియాతో సంబంధాలున్న వ్యాపారులు ఈ సబ్సిడీలు ఎలా అందుకుంటున్నారో పాత్రికేయుడు యాన్ కుత్సియాక్ తవ్వి తీస్తున్నాడు. ఆ కథనం పూర్తి కాకముందే, 2018 ఫిబ్రవరిలో, కాబోయే భార్యతో పాటు హత్యకు గురయ్యాడు. చెక్ ప్రధాని ఆంద్రెయ్ బాబిష్ ఈ సబ్సిడీలు అందుకునే తన అగ్రోఫెర్ట్ సంస్థను ట్రస్టుల కింద పెట్టినా పట్టు మాత్రం ఆయన చేతిలోనే ఉందని యూరోపియన్ కమిషన్ ఆడిట్ తేల్చింది. తర్వాతి నిబంధనలు మాతృసంస్థ వివరాలు కూడా ప్రకటించాలన్నాయి.

ఇక మన దేశానికొస్తే, సమాచార హక్కు చట్టం, 2005లోని నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు ప్రకటించమంటుంది. 2019లో మొదలైన పీఎం కిసాన్ పథకం లబ్ధిదారుల జాబితా ఊరివారీగా వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. తెలంగాణ 2018లో ఎకరాకు, పంట కాలానికి 4,000 రూపాయల చొప్పున తెచ్చిన రైతుబంధు కూడా విస్తీర్ణాన్ని బట్టి ఇచ్చిన సాయమే. అందులో సొమ్ము పట్టాదారుకు చేరింది. ఆ భూమిని దున్నే కౌలు రైతు పేరు జాబితాకు ఎక్కలేదు. దున్నేవారెవరో కూడా నమోదైతేనే అలాంటి జాబితా సాయం చేరాల్సిన చోటికి చేరిందో లేదో చెప్పగలుగుతుంది.