క్రొత్త మోటారుసైకిలునకు సిరామిక్ పూత అవసరమా?

క్రొత్త మోటారుసైకిలు కొనుట మనబోటి గృహస్థులకు చిన్న శుభకార్యము వంటిది. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము, బ్యాంకు అప్పు, మంచి రోజు, గుడి ముందు పూజ, చక్రముల క్రింద నిమ్మకాయలు, ఇవన్నియు సమకూరునాటికి ఇంటిల్లిపాది మనస్సు ఉల్లాసముగా నుండును. సరిగా ఆ సమయముననే షోరూములోని యువకుడు ఒక కాగితము ముందుకు జరిపి, "సార్, ఇంత పెట్టి కొంటున్నారు, సిరామిక్ కోటింగ్ కూడా వేయించుకోండి, ఏళ్ల తరబడి గీత పడదు, రంగు వెలిసిపోదు" అని చెప్పును. బండి ధర యెదుట ఆ కొన్నివేల రూపాయలు స్వల్పముగా తోచును. తండ్రి తలయూపును.

గత సంవత్సరము కళాశాలలో చేరిన మా కుమారునికి బండి కొనునపుడు ఈ ప్రశ్న మా యింటికిని వచ్చినది. "నల్ల రంగు బండి నాన్నా, పూత లేకుంటే ఏడాదికే పాడవుతుంది" అని వాడనెను. "ఆ డబ్బు పెడితే మంచి హెల్మెట్లు రెండొస్తాయి గదండీ" అని వాని తల్లి అనెను. ఇరువురిలో ఎవరి మాట సబబో తేల్చుటకై నేను విచారించి తెలిసికొన్న సంగతులను, నావలెనే బండి కొనబోవు తల్లిదండ్రుల ఉపయోగార్థము ఇచ్చట వివరించుచున్నాను.

ముందుగా, బండిపై కర్మాగారమువారు వేసి పంపు రంగు ఎట్టిదో తెలియవలెను. మనకంటికి ఒక్కటిగా కనబడు ఆ రంగు నిజమునకు కొన్ని పొరల కూర్పు. ఇనుప రేకుపై త్రుప్పును నివారించు అడుగు పొర, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని పైన రంగులేని పారదర్శకమైన పొర ఉండును. ఈ పై పొర దళసరి సుమారు 30 మొదలు 50 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. కావున మనము చూచి మురియు మెరుగంతయు వెండ్రుక కన్న పలుచనైన పొరలో నున్నది. ఎండవేడిమి నుండి రంగును కాపాడు పదార్థములు కూడ ముఖ్యముగా ఆ పొరలోనే కలిపియుందురు. కొలిమిలో కాల్చి గట్టిపరచిన పూత యది. పై పూత ఏదియు లేకున్నను, క్రొత్త బండి రక్షణ లేక రాలేదని దీనివలన గ్రహింపనగును.

ఇక సిరామిక్ పూత. సిరామిక్ అను మాట కుమ్మరిమట్టిని తెలుపు గ్రీకు పదము నుండి వచ్చినది. అయితే ఇచ్చట కుండయు లేదు, ఆవమును లేదు. చిన్న సీసాలో వచ్చు ద్రవమును మెత్తని గుడ్డతో రంగుపై పలుచగా రుద్దుదురు. అందులోని ద్రావకము ఆవిరియైపోగా, మిగిలిన సిలికాన్ సమ్మేళనములు గాలిలోని తేమతో కలిసి సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల వలగా గట్టిపడును. మన పాలారు ఇసుకలో నున్నవియు ఈ రెండు మూలకములే. పూత పూర్తిగా గట్టిపడుటకు సుమారు ఒక వారము పట్టును. దాని మందము సాధారణముగా ఒకటి రెండు మైక్రానులు మాత్రమే.

ఇది మన పెద్దలు ఇత్తడి గిన్నెకు పూయించిన కళాయి వంటిది. కళాయి యున్నంతకాలము చింతపండు పులుసు ఇత్తడిని తాకదు, చిలుము పట్టదు. కాని గిన్నె క్రింద పడిన సొట్ట పడక మానదు. కొంతకాలమునకు కళాయి అరిగిపోవును, మరల పూయింపవలెను. కళాయి పనికిమాలినదని ఎవ్వరును అనరు. సొట్ట పడకుండ చేయునని కూడ ఎవ్వరును అనలేదు. సిరామిక్ పూత విషయములో ఈ రెండవ మాటనే మనకు అమ్ముచున్నారు.

పూత నిజముగా చేయు మేలు ఏమి? నీరు దానిపై నిలువక ముత్యములవలె గుండ్రని బిందువులై జారిపోవును. దుమ్ము, బురద అంత గట్టిగా అంటుకొనవు, కడుగుట సులభము. చింతచెట్టు క్రింద నిలిపిన బండిపై పక్షి రెట్ట పడినచో, అది రంగును కొరుకకముందే కడుగుకొనుటకు కొంత వ్యవధి దొరకును. నల్లని రంగునకు లోతైన నిగనిగ వచ్చును. ఈ గుణములు సత్యములే.

గీతలు పడవను మాట మాత్రము సత్యము కాదు. ప్రకటనలలో కనబడు "9హెచ్ కాఠిన్యము" అనునది వజ్రముతో పోల్చిన కొలత యని చాలమంది భ్రమపడుచున్నారు. ఖనిజముల గట్టితనమును కొలుచుటకు 1812లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ ఏర్పరచిన పది మెట్ల పట్టికలో వజ్రము పది, కురువిందము తొమ్మిది, ఇసుకలోని క్వార్ట్జు ఏడు. సిరామిక్ వారు చెప్పు తొమ్మిది ఆ తొమ్మిది కాదు. అది పెన్సిలు పరీక్ష. చిత్రలేఖనమునకు పిల్లలు కొను పెన్సిళ్ళలో మిక్కిలి గట్టిదైన 9హెచ్ పెన్సిలును నిర్ణీతమైన బరువుతో పూతపై నడిపించినపుడు గీత పడలేదని మాత్రమే దాని యర్థము. పెన్సిలు ములుకు కన్న మన రోడ్ల దుమ్ములోని క్వార్ట్జు రేణువు ఎంతయో గట్టిది. అది ఉక్కునే గీయగలదు. వేలూరు నుండి కాట్పాడి, లత్తేరి, కే.వి.కుప్పము మీదుగా గుడియాత్తము చేరిన బండిని పొడి గుడ్డతో ఒక్కసారి తుడిచినచో, పూత యున్నను లేకున్నను ఆ రేణువులు సన్నని గీతలు గీయును. తాళపుచెవుల గుత్తి, చొక్కా జిప్పు, లుంగీల మూట, టెంకాయల బస్తా రాచుకొనుచోట ఒకటి రెండు మైక్రానులు అడ్డుపడలేవు.

లారీ చక్రము నుండి ఎగిరివచ్చు కంకర దెబ్బకు కూడ ఈ పూత నిలువదు. దానికి వేరొక సాధనము కలదు: పాలియురెథేను అను ప్లాస్టిక్కుతో చేసిన పారదర్శకపు పొర. దాని మందము 150 మొదలు 200 మైక్రానులు. దెబ్బను అది తాను పుచ్చుకొనును. ఖరీదు ఎక్కువయైనను, ట్యాంకుపై మోకాళ్ళు, తాళపుచెవులు రాచుకొనుచోట మాత్రము చిన్న ముక్కలు అతికించుకొనిన చాలును.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు నీటిది. ఇచ్చటి బోరునీరు అనేక చోట్ల ఉప్పదనముతో కూడిన కఠినజలము. తోళ్ళ కర్మాగారముల మురికినీటివలన పాలారు పరీవాహకపు భూగర్భజలము చెడుటను గూర్చి వేలూరు పౌర సంక్షేమ సంఘమువారు తెచ్చిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు దేశమంతట ప్రసిద్ధమైనది. అట్టి నీటితో బండి కడిగి ఎండలో ఆరనిచ్చినచో, నీరు ఆవిరియై కాల్షియము, మెగ్నీషియము లవణములు తెల్లని వలయములుగా మిగులును. పూత యున్న బండిపై నీరు బిందువులుగా నిలిచి ఎండుటచే ఆ వలయములు మరింత స్పష్టముగా ఏర్పడవచ్చును. కొందరు త్రాగునీటి శుద్ధియంత్రము విడుచు వ్యర్థజలముతో బండి కడుగుదురు. ఆ నీటిలో లవణములు ఇంకను అధికము. పొదుపు మంచిదే కాని, ఆ నీరు బండికి తగదు.

మరియొక సంగతి. కారు వెలుపలి భాగమంతయు దాదాపు రంగు పూసిన రేకే. మోటారుసైకిలున రంగు భాగము స్వల్పము: ట్యాంకు, ప్రక్క పలకలు, మడ్‌గార్డులు. బండి పాతబడుట మొదట కనబడునది అచ్చట కాదు. చైను త్రుప్పుపట్టును, సైలెన్సరు మాసిపోవును, స్టాండు, బోల్టులు త్రుప్పెక్కును, సీటు చిరుగును. ట్యాంకుకు రుద్దిన పూత వీనిని కాపాడదు. చైనుకు సుమారు 500 కిలోమీటర్లకొకసారి నూనె వేయుట బండికి చేయు మేలు, నిగనిగలాడు ట్యాంకు చేయు మేలు కన్న అధికము.

ఖర్చు లెక్క కూడ చూడవలెను. పూత వెల 5000 రూపాయలనుకొందము. దానిని బండి అప్పులో కలిపినచో, అసలుపై ఏటికి నూటికి పది చొప్పున మూడేండ్లకు వడ్డీ 1500 అగును. చేయి దాటునది 6500. హామీపత్రమున్నదని ధైర్యపడరాదు. అట్టి పత్రములలో గీతలు, రాతి దెబ్బలు, నీటి మరకలు సాధారణముగా మినహాయింపబడును. నిర్ణీతకాలమున డబ్బిచ్చి మరల సర్వీసు చేయింపకున్న హామీ చెల్లదు.

అయిన ఈ పూత ఎవ్వరికిని తగదా? తగువారు కలరు. మెరుపులేని మ్యాట్ రంగు బండి కొన్నవారు మొదటివారు. ఆ రంగుపై గీతపడిన మెరుగుపెట్టి పోగొట్టుట సాధ్యము కాదు, మామూలు వాక్సు మచ్చలు చేయును. కావున మ్యాట్ రంగునకు తగిన పూత వారికి మేలే. బండిని చాలయేండ్లు ఉంచుకొనదలచి, తామే శ్రద్ధగా కడుగుకొనువారికి కడుగు శ్రమ తగ్గును. తక్కినవారికి, ముఖ్యముగా ఎండలో నిలిపి, వారమునకొకసారి వాటర్ సర్వీసుకు వదలువారికి, ఈ ఖర్చు దండుగ.

వేయించుకొనదలచినవారు సైతము డెలివరీ నాడే నిర్ణయింప నక్కరలేదు. కర్మాగారపు రంగు ముందే కాల్చి గట్టిపరచినది గనుక, నెల తరువాత వేయించినను నష్టము లేదు. అప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఏ కంపెనీ పూత, సీసా మీ యెదుట తెరతురా? వేయుటకు ముందు బండి కడిగి, ఉన్న గీతలు తీయుదురా? ఏలయన పూత క్రింద చిక్కిన గీతలు అట్లే యుండును. గట్టిపడువరకు బండి నీడలో నుంచుదురా? హామీలో లేనివి ఏవి, వ్రాతమూలకముగా ఇత్తురా? వీనికి సూటియైన జవాబు రానిచోట సొమ్ము చెల్లింపకుడు.

పూత లేకయే రంగును కాపాడు విధానము సులభము. ఇంజను చల్లారిన పిదప నీడలో నిలిపి, మొదట ధారాళముగా నీరు పోసి దుమ్మును జారవిడువవలెను. షాంపూ నీటికి ఒక బక్కెట్టు, గుడ్డ జాడించుటకు మరొక బక్కెట్టు ఉంచుకొనవలెను. మెత్తని గుడ్డతో పైనుండి క్రిందికి కడిగి, చివర వాననీరో కొళాయి మంచినీరో పోసి, వెంటనే మైక్రోఫైబరు గుడ్డతో తడి అద్దవలెను. మెరుపుకై కిరోసిను, డీసెలు పూయుట మానవలెను. అవి దుమ్మును పట్టుకొనును, రబ్బరును చెరచును. రెండు నెలలకొకసారి కొన్నివందల రూపాయల వాక్సు పూసిన నీరు ముత్యములై జారు ముచ్చటయు తీరును. బ్రేకు డిస్కుకు, టైర్లకు, సీటుకు మాత్రము ఏ పూతయు తగులనీయరాదు, అది ప్రాణాపాయము.

మా యింటి తగవు ఎట్లు తీరినదో చెప్పి ముగింతును. పూత మానితిమి. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్లు రెండు కొంటిమి. నడుపువారికే గాక వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టు చట్టరీత్యా విధి; 2021 జూన్ 1 నుండి ఆ గుర్తు లేని ద్విచక్ర వాహనపు హెల్మెట్లను తయారుచేయుటయు అమ్ముటయు నిషేధింపబడినవి. మిగిలిన సొమ్ములో ఒక డబ్బా వాక్సు, నాలుగు మెత్తని గుడ్డలు, చైను నూనె వచ్చినవి. ఆదివారము ఉదయము మా వాడు ఇంటి ముందు వేపచెట్టు నీడలో తానే బండి కడుగుకొనుచున్నాడు. ఏడాది నిండినది. ట్యాంకుపై తాళపుచెవి గీతలు రెండున్నవి. తక్కిన రంగు చెక్కుచెదరలేదు. ఆ గీతలను చూపి వాడు, "పూత వేయించి ఉంటే ఇవి పడేవి కావు నాన్నా" అని ఇప్పటికిని అనుచుండును. పడియుండెడివేయని వానికి ఈ వ్యాసము చదివి వినిపింపదలచితిని.